ఎరువు ఓడ

విశాఖపట్నం జ్ఞానాపురంలో మా నాన్నకి కిరాణా కొట్టుండేది. ఎర్రట్ట ఖాతా పుస్తకంలో ఉన్న పేర్లలో సగానికి పైగా పోర్టు కళాసీలవే. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల్లో భూమి లేకో, ఉన్నా వాన పడకో వచ్చేసినవాళ్లు. భుజం మీద తువ్వాలు, నడుముకి బస్తాలు లాగే ఇనప కొక్కెం. దాని మొన అరిగి వెండిలా మెరిసేది, చెక్కపిడి చెమటకి నల్లబడిపోయి ఉండేది.

"సావుకారు బాబూ, ఓడొచ్చీసింది. బియ్యం, చింతపండు, మాయమ్మకి చుట్టలూ రాసీండి."

నాన్న చెవి మీంచి పెన్సిలు తీసేవాడు. ఓడ లేని వారాల్లో చింతపండు రాసేవాడు గానీ చుట్టలు రాసేవాడు కాదు. అడ్డపొగకి అలవాటుపడ్డ ముసలమ్మలు అందుకు ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

అసలా పోర్టు కట్టిందే మా కోసం కాదు. మధ్యపరగణాల మాంగనీసుని సముద్రం దాటించడానికి తెల్లవాళ్లు డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున బురదనేల తవ్వించి 1933లో తెరిచారు. ఆ సరుకు దిగడానికి రాయపూర్–విజయనగరం రైలుమార్గం 1931కే సిద్ధమైంది. తర్వాత జపాన్‌కి బైలదిల్లా ఇనప ఖనిజం కావాల్సొచ్చింది. దానికోసం అనంతగిరి కొండల్లో సొరంగాలు తొలిచి కిరండూల్ లైను వేశారు. 1976లో లక్ష టన్నుల ఓడలు పట్టేలా ఔటర్ హార్బర్ వచ్చింది.

ఊరంతా దాని గురించే చెప్పుకునేవారు. నాన్న మాత్రం, "అంత ఓడొస్తే మన వీధిలో ఒక్కడికీ పని లేదేంట్రా?" అనేవాడు. ఎలా ఉంటుంది? ఖనిజం బెల్టు మీద వెళ్లి తిన్నగా ఓడలో పడేది. పోర్టు ఘనత చెప్పేవాళ్లు ఇప్పటికీ టన్నులే చెబుతారు. ఆ టన్నుల్లో మా ఖాతా పుస్తకానికి చేరింది చాలా తక్కువ.

మా బాకీలు తీర్చింది ఎరువు ఓడ. విడిగా వచ్చిన యూరియాని వార్ఫు మీదే బస్తాలకెత్తాలి, మూతి కుట్టాలి, వ్యాగన్లకెక్కించాలి. ప్రతి పనికీ మనుషులే కావాలి. ఆ బస్తాలు ఎక్కడెక్కడి వరిపొలాలకో పోయేవి, కూలి డబ్బులు మా వీధికొచ్చేవి. సంక్రాంతి ముందు ఆ ఓడొచ్చిందా, చీపురుపల్లి, పలాస వైపు వెళ్లే బళ్లన్నీ కిక్కిరిసేవి. పండగ దాటాక వచ్చిందా, మాకు కూడా కొత్తబట్టలు ఉగాదికే.