ఇల్లు వెదకుటకు ముందు

ఈ ఉదయము గుంటూరు నుండి మా పినతల్లి కుమారుడు ఫోను చేసి, "అన్నయ్యా, టోక్యోలో ఉద్యోగం వచ్చింది. మనవాళ్ళుండే నిషికసాయిలో ఇల్లు తీసుకుంటే భయం లేదు గదా?" అని అడిగినాడు.

ఆ మాట నన్ను దినమంతయు వీడలేదు.

పరదేశమున భయమనగా మనకు తోచునది దొంగలు, దౌర్జన్యము. కాని ఇచ్చట టోక్యోలో స్త్రీలు సైతము రాత్రివేళ ఒంటరిగా నడచి యిల్లు చేరుదురు. స్టేషన్ల చెంత కోబన్ అనెడి చిన్న పోలీసు చావళ్ళు కలవు.

అయితే భారతీయు లెందరో స్థిరపడిన ఆ నిషికసాయి గల ఎదొగవా వార్డు భూభాగమున సుమారు 70 శాతము సముద్రపు పోటుమట్టమునకు దిగువన నున్నదనియు, మహావరద వచ్చునేని ఇచ్చట నిలువరాదు, ముందే వెలుపలికి తరలిపొండని 2019లో ఆ వార్డు పాలకులే తమ వరదపటముపై నిస్సంకోచముగా ముద్రించిరనియు, క్రొత్తగా దిగిన పరదేశికి ఎవరు చెప్పుదురు?

2020 ఆగస్టు నుండి జపానులో అద్దె ఒప్పందమునకు ముందే తీసికొనబోవు ఇల్లు వరదపటమున ఎచ్చట నున్నదో ఏజెంటు చూపి తీరవలెను. తరచుగా ఆ వివరణ జపనీసులో సాగిపోవును. మనవాడు తల యూపి సంతకము చేయును.

అందుకే తమ్మునితో, అద్దె సంగతి తరువాత, ముందు ఆ భవనము 1981 జూన్ నాటి భూకంప నిబంధనల ననుసరించి కట్టినదో కాదో, ఇల్లు ఎన్నవ అంతస్తో, వరదనాడు ఎచ్చటికి పోవలెనో అడుగుమంటిని.

నిషికసాయి వలదని మాత్రము అనలేదు. జ్వరము వచ్చిననాడు జావ కాచి యిచ్చు పొరుగింటివారును రక్షణయే గదా!

విదేశములందున్న మిత్రులారా, ఇల్లు తీసికొనునపుడు మీరు మొదట ఏమి విచారించితిరి? వ్రాయుడు, వానికి పంపెదను.