పల్సులను లెక్కించేదెవరు: ఒక ఎంబెడెడ్ ప్రయోగశాల సందర్శన

రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అంటే మహావేగంగా పనిచేసేదని విద్యార్థులు తరచుగా భావిస్తారు గానీ, అది హామీ ఇచ్చేది గడువుకు. ఏ పని ఎంతలోగా జరగాలో అంతలోగా జరిపించడమే దాని బాధ్యత. ఒక ఇంజనీరింగ్ కళాశాల ప్రయోగశాలలో, ఎస్‌టీఎం32ఎఫ్407 చిప్ ఉన్న బోర్డు మీద ఫ్రీఆర్‌టీఓఎస్ అనే అలాంటి సిస్టమ్‌ను నడిపి, సిగ్నల్ జనరేటర్ పంపే తరంగాల పౌనఃపున్యాన్ని కొలిచే ప్రయోగంలో ఈ తేడా సందర్శకుల కళ్లెదుటే తేలిపోతుంది.

మొదటి పద్ధతిలో ప్రతి పల్సుకూ ఒక ఇంటరప్ట్, అంటే చేస్తున్న పనిని మధ్యలో ఆపించి ప్రాసెసర్‌ను వేరే పనికి మళ్లించే సంకేతం, వెళ్తుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర అంతా సజావుగా సాగుతుంది. జనరేటర్‌ను 10 మెగాహెర్ట్జ్‌కు పెంచగానే బోర్డు మీద మినుకుమినుకుమంటున్న ఎల్‌ఈడీ నిలిచిపోయి, డిస్‌ప్లే మీద పాత అంకె అలాగే ఉండిపోతుంది. 168 మెగాహెర్ట్జ్ గడియారంతో నడిచే ప్రాసెసర్‌కు రెండు పల్సుల నడుమ దొరికేది సుమారు 17 గడియారపు చక్రాలే కాగా, ఇంటరప్ట్‌లోకి అడుగుపెట్టడానికే కనీసం 12 ఖర్చవుతాయి. ఆపరేటింగ్ సిస్టమ్ వంతులవారీగా నడిపే పనులైన టాస్కులన్నిటికన్నా ఇంటరప్ట్‌కు ముందు వంతు ఉన్నందువల్ల మిగతా పనులకు వంతే రాదు.

అందుకే రెండో పద్ధతిలో లెక్కించే పనిని చిప్‌లోని టైమర్‌కే అప్పగిస్తారు. అది ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పల్సులను లెక్కించుకుంటూ పోతుంది, టాస్కు సెకనుకొకసారి వచ్చి ఆ లెక్కను చదువుతుంది. ఇక్కడే అసలైన మెలకువ ఉంది: ఎక్కువ ప్రాధాన్యం గల మరో టాస్కు అడ్డుపడి ఆ చదవడం 10 మైక్రోసెకన్లు ఆలస్యమైతే 100 పల్సులు అదనంగా లెక్కలోకి చేరతాయి. ఆ దోషం తొలగాలంటే సెకను ముగిసిన క్షణాన్ని నిర్ణయించేది కూడా హార్డ్‌వేరే కావాలి. రెండో టైమర్ సంకేతంతో ఆ క్షణపు లెక్క ఒక రిజిస్టర్‌లో భద్రమై, టాస్కు తీరిగ్గా వచ్చినా చెక్కుచెదరకుండా ఉంటుంది. అప్పటిదాకా వందల్లో ఊగిసలాడిన అంకె, ఆ తరువాత ఒకటి అటూ ఇటూగా నిలవడం నిజంగా చూడదగ్గ దృశ్యం.

అయితే నిలకడ వేరు, నిజం వేరు. బోర్డుకు గడియారాన్నిచ్చే స్ఫటికంలో పది లక్షలకు 30 వంతుల తేడా ఉంటే, 10 మెగాహెర్ట్జ్ కొలతలో 300 హెర్ట్జ్ తప్పు కదలకుండా కూర్చుంటుంది. దాన్ని పట్టుకోవడానికి జీపీఎస్ రిసీవర్ సెకనుకొకటి చొప్పున ఇచ్చే పల్సుతో బోర్డు గడియారాన్ని పోల్చి, వచ్చిన తేడాను లెక్కలో సవరిస్తారు.