గుహలోని పిడికెడు ఇసుక

ముప్పది సంవత్సరాల క్రితం ఒక మహాశివరాత్రినాడు మా తండ్రిగారితో కలిసి బొర్రా గుహలకు వెళ్ళాను. అనంతగిరి కొండలలో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఆ గుహాంతర్భాగంలో స్వయంభూలింగం ఎదుట ఆయన చాలాసేపు కన్నులు మూసుకొని నిలుచున్నారు. గుహ పైకప్పులోని రంధ్రం గుండా పడిపోయిన గోవును వెదుకుతూ వచ్చిన కాపరికి ఆ లింగం గోచరించిందని, గోస్తనీ నదికి ఆ పేరు ఆ గోవు వల్లనే కలిగిందని స్థానికుల కథనం. తిరిగి వస్తుండగా మెట్ల పక్కన గోడలోని ఒక అరలో గడ్డకట్టిన ఇసుక నా కంటబడింది. పిడికెడు తవ్వి రుమాలులో మూటకట్టుకొన్నాను. శివసన్నిధిలోని మృత్తిక గనుక ప్రసాదమే అనుకొన్నాను. తండ్రిగారు చూశారు, ఏమీ అనలేదు. ఆయన కాలం చేసిన తరువాత ఆ ఇసుకను రాగి భరిణెలో పోసి, విభూతి పక్కన పూజామందిరంలో ఉంచుకొన్నాను.

క్రిందటి కార్తికమాసంలో భూవిజ్ఞానం చదువుతున్న మా తమ్ముని కుమార్తె ఆ భరిణె మూత తీసి, ఇసుకను అరచేతిలో పోసుకొని దీపం దగ్గర చూసింది. తెల్లని రేణువుల నడుమ అక్కడక్కడా ఎర్రనివి మెరిశాయి.

"పెదనాన్నా, ఇది గుహలో పుట్టినది కాదండీ" అన్నది.

గుహ పాలరాతివంటి సున్నపురాతిలో ఏర్పడింది. ఆ రాయి నీటిలో కరిగిపోతుంది, ఇటువంటి ఇసుకను ఇవ్వదు. తెల్లని క్వార్ట్జ్, ఎర్రని గార్నెట్ చుట్టుపక్కల కొండలలోని ఖోండలైట్ శిలకు చెందినవి. వాటిని లోపలికి తెచ్చినది ప్రవాహమే. గోస్తని నేడు గుహకు దిగువన ప్రవహిస్తున్నది. అంత ఎత్తున ఇసుక ఉన్నదంటే ఒకనాడు నీరు అక్కడ పారి ఉండాలి. నది కొండను కోసుకొంటూ దిగిపోయిన కొలదీ పై మార్గాలు ఎండిపోతాయి, క్రింద కొత్త మార్గాలు తెరుచుకొంటాయి. మైదానంలో త్రవ్వినకొద్దీ ప్రాచీనత పెరుగుతుంది. ఇటువంటి గుహలలో పైకి ఎక్కినకొద్దీ పెరుగుతుంది!

ప్రవాహం విడిచిన తావులోనే నీటిబొట్లు నిలకడగా పడి లింగాకృతులు పెరుగుతాయి. అంటే లింగం క్రింది ఇసుక లింగానికంటె పెద్దది. మేము చేతులు జోడించినది కనిష్ఠునికి, కాళ్ళకు అంటిందని దులుపుకొన్నది జ్యేష్ఠుని. ఈ మాట వల్ల నా భక్తికి లోటు కలగలేదు. దులుపుకొన్నందుకు మాత్రం సిగ్గు కలిగింది.

ఇసుక వయస్సును ఎలా తెలుసుకొంటారని అడిగాను. భూమిపైన ఉన్నంతకాలం క్వార్ట్జ్ రేణువులపై విశ్వకిరణాలు పడి, వాటిలో అల్యూమినియం-26, బెరీలియం-10 అనే పరమాణువులు ఇంచుమించు ఏడుకు ఒకటి చొప్పున పుడతాయట. రేణువు గుహలో లోతుగా చేరిన పిమ్మట కిరణాలు అందవు. అల్యూమినియం-26 సుమారు 7 లక్షల సంవత్సరాలలో సగమవుతుంది, బెరీలియం-10కి అందుకు దాదాపు రెట్టింపు కాలం పడుతుంది. మిగిలిన నిష్పత్తియే చీకటిలో గడిపిన కాలం. అమెరికాలోని సియెరా నెవాడా పర్వతాలలోనూ పాలరాతి గుహలున్నాయి. నదికి ఎంతో ఎత్తున ఉన్న ఆ గుహల ఇసుకను గ్రెగ్ స్టాక్, ఆయన సహచరులు ఈ రీతిని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 27 లక్షల సంవత్సరాల క్రితం అక్కడి నదులు ఏటా 0.2 మిల్లీమీటర్ల వంతున లోయలను కోస్తూ ఉండేవి, ఆపైన ఆ వేగం బాగా తగ్గింది. లోయ గోడలు వాన తాకిడికి అరిగిపోయినా గుహలోని ఇసుక ఆ వృత్తాంతాన్ని కాపాడుకొన్నది. ఇటువంటి సంఖ్యలు వినగానే మన కల్పగణనతో సరిపోల్చే ఉత్సాహం కొందరికి కలుగుతుంది. నాకు అది రుచించదు, రెండింటి ప్రయోజనాలు వేరు.

"ఇంతకీ ఇది ఏ అరలోదండీ? నదికి ఎంత ఎత్తున? పై పొరా, క్రింది పొరా? వరదనీరు కూడా కొంత ఎత్తుకు ఇసుకను ఎక్కించగలదు కదా" అన్నది పిల్ల.

నేను జవాబు చెప్పలేకపోయాను. మెట్లు గుర్తున్నాయి, తండ్రిగారి ఉత్తరీయం గుర్తున్నది, అర గుర్తులేదు.

వైశేషికులు సంయోగాన్ని గుణాలలో ఒకటిగా లెక్కించారు, విభాగం వల్ల అది నశిస్తుందన్నారు. తర్కసంగ్రహ పాఠంలో ఎన్నోసార్లు చదివిన మాట అది. రేణువులలో ఒక్కటీ తగ్గలేదు, ద్రవ్యం ద్రవ్యంగానే భరిణెలో ఉన్నది. దానికి ఆ అరతో, ఆ పొరతో ఉన్న సంయోగం మాత్రం నా పిడికిలి బిగిసిన క్షణాన పోయింది. పవిత్రత మట్టిలో ఉన్నదనుకొని, అది ఉన్న చోటును లక్ష్యపెట్టలేదు.

వచ్చే శివరాత్రికి వెళ్ళి ఇసుకను అక్కడే పోసి వస్తానన్నాను. ఆమె వద్దని వారించింది. "తెలియని చోట పోస్తే, రేపు వెదికేవాళ్ళకు అది అబద్ధం చెబుతుంది పెదనాన్నా."

భరిణె ఇప్పటికీ పూజామందిరంలోనే ఉన్నది. మూతపై ఒక చీటీ అంటించాను: "బొర్రా. స్థానం తెలియదు."