స్కానులో కనిపించని నొప్పి

నమాజు ముగింపులో సలాం చెబుతూ ముఖాన్ని కుడి వైపుకు, ఎడమ వైపుకు త్రిప్పటానికి రెండు క్షణాలకు మించి పట్టదు. అయితే ఆ రెండు క్షణాల పనికి మెడలోని 7 వెన్నుపూసలు, వాటిని పట్టి ఉంచే కండరాలు, నరాలు అన్నీ ఒక్కటిగా సహకరించవలసి ఉంటుంది. సుమారు 5 కిలోల బరువుండే తలను పగలంతా మోసేవి కూడా అవే. మనిషి తనకు లభించిన దైవానుగ్రహాలను తలచుకునేటప్పుడు కంటిని తలచుకుంటాడు, నాలుకను తలచుకుంటాడు. మెడను మాత్రం అది బాధ పెట్టినప్పుడే తలచుకుంటాడు.

మాకు ఆ తలపు గత వర్షాకాలంలో కలిగింది. ఫజ్ర్ నమాజు కోసం వుజూ చేసి లేస్తుండగా తడి గచ్చుపై కాలు జారి వెల్లకిలా పడిపోయాము. తల వెనుక భాగానికి దెబ్బ తగిలింది. స్పృహ పోలేదు గాని, ఏ పూట నమాజు కోసం వచ్చామో కొంతసేపు గుర్తుకు రాలేదు. రెండుసార్లు వాంతి అయింది. విద్యార్థులు ఆసుపత్రికి తీసుకువెళ్లారు. స్కాన్ తీసిన మీదట రక్తస్రావం లేదని, ఎముక విరగలేదని తేలింది. దీనిని కన్‌కషన్ అంటారని, పుర్రె లోపల మెదడు అదిరి దాని పనితీరు కొంతకాలం దెబ్బతింటుందని, ఆ అదురు మామూలు స్కానులో కనిపించదని డాక్టరుగారు వివరించారు.

ఇలాంటి దెబ్బ తగిలిన పెద్దలలో చాలామంది కొద్ది వారాలలోనే కోలుకుంటారు. కొందరికి మాత్రం నెలల తరబడి బాధ మిగులుతుంది. మేము ఆ కొందరిలో చేరాము. పుర్రె అడుగున మొదలయ్యే నొప్పి పైకి ప్రాకి, తడిసిన తలపాగాను ఎవరో బిగించి చుట్టినట్లు తల చుట్టూ ఒత్తిడిగా మారేది. వెలుతురు, శబ్దం భరించలేకపోయేవాళ్లము. ముప్పై మంది పిల్లలు ఒకేసారి గొంతెత్తి ఖుర్ఆన్ వల్లె వేస్తుంటే ఆ ధ్వనిలోనే మా జీవితం గడిచింది. అదే ధ్వని నుంచి లేచి బయటకు వెళ్లవలసి రావటం మెడ నొప్పి కంటే ఎక్కువ బాధించింది.

“స్కానులో ఏమీ లేదట కదా!” అని పరామర్శకు వచ్చినవారు అనేవారు. కట్టు లేని గాయాన్ని లోకం త్వరగా నమ్మదు. క్షవరశాలలో మెడ విరిపించుకుంటే పట్టు వదులుతుందని ఒకరు సలహా ఇచ్చారు. డాక్టరుగారు దానిని గట్టిగా వారించారు. మెదడుకు రక్తం తీసుకువెళ్లే ధమనులు మెడ గుండానే పోతాయి. మెడను ఒక్కసారిగా మెలిపెడితే ఆ గోడలు చీలి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

అసలు విషయం ఫిజియోథెరపిస్టు దగ్గర బోధపడింది. మెడ పై భాగంలోని నరాలు, ముఖం నుంచి, నుదుటి నుంచి వచ్చే నరం మెదడు అడుగున ఒకే చోట కలుస్తాయి. కనుక మెడలో పుట్టిన నొప్పి నుదుటి మీద ఉన్నట్లు తోస్తుంది. మెడను సరిచేస్తే తల ఒత్తిడి చాలావరకు తగ్గవచ్చునని వారు ధైర్యం చెప్పారు. గడ్డాన్ని మెల్లగా వెనక్కు లాగి కొన్ని క్షణాలు నిలపటం, భుజాలను వెనక్కు తీసుకురావటం, నొప్పి హద్దు దాటకుండా మెడను ఇరువైపులా త్రిప్పటం నేర్పారు. నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, అంతకు మించి వాడుతూ పోతే మాత్రలే కొత్త తలనొప్పికి కారణమవుతాయని హెచ్చరించారు.

పరీక్ష నమాజులో ఎదురైంది. సజ్దాలో తల వంచగానే ఒత్తిడి రెట్టింపయ్యేది. కొంతకాలం తల నేలకు ఆనించవద్దన్నారు. రోగి నమాజు అధ్యాయాన్ని మేము ఏళ్ల తరబడి బోధించాము. నిలబడలేనివారు కూర్చుని, సజ్దా చేయలేనివారు సైగతో, రుకూ కంటే సజ్దాకు కాస్త ఎక్కువ వంగి నమాజు చేయాలి. సైగతో నమాజు చేసేవారు రుకూ, సజ్దాలు చేయగలవారికి ఇమామత్ చేయరాదన్నది మేము అనుసరించే హనఫీ ఫిఖహ్‌లోని నియమం. ఆ పాఠం మా మీదే అమలయింది. మా దగ్గర చదువుకున్న యువకుడు ముందు నిలబడగా, మేము వరుస చివర కుర్చీలో కూర్చున్నాము. మొదటి రోజు కన్నీళ్లు ఆగలేదు. అయితే సడలింపు కూడా ఆజ్ఞాపించినవాడే ఇచ్చాడు. శిక్షణ పొందిన దాసుడు దానిని స్వీకరించటంలో కూడా విధేయత చూపాలి.

మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి అవసరమే. ఆ తర్వాత చీకటి గదిలో పడుకుని ఉండిపోతే కోలుకోవటం ఆలస్యమవుతుంది. మేము ఇంటి ముందు పది నిమిషాల నడకతో ఆరంభించాము. బాధ పెరిగితే తగ్గించుకుని, మరునాడు మళ్లీ నడిచాము. రెహల్‌ను ఎత్తు పీట మీద పెట్టించాము. పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి పాఠం విన్నాము. గంటకొకసారి లేచి మెడ సడలించుకునే అలవాటును వారికి కూడా చేయించాము.

ఇంట్లోవారి పాత్ర చిన్నది కాదు. మా ఇల్లాలు వంటగదిలో గిన్నె చప్పుడు కాకుండా మసిలేది. మేము విసుక్కున్న రోజున, “ఇది మీ మాట కాదు, నొప్పి మాట” అని ఊరుకునేది. తలకు దెబ్బ తగిలినవారిలో చిరాకు, మతిమరుపు, నిద్రలేమి రావటం సహజమని కుటుంబాలు గ్రహించాలి. నొప్పి అంతకంతకూ పెరగటం, పదేపదే వాంతులు, మూర్ఛ, కాలు చేతుల బలహీనత, మాట తడబడటం, లేపినా లేవని మగత కనిపిస్తే క్షణం కూడా ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారికి తలకు చిన్న దెబ్బ తగిలినా డాక్టరుకు చూపించాలి.

ఎనిమిది నెలలు గడిచాయి. సజ్దా తిరిగి లభించింది, అల్‌హమ్దులిల్లాహ్. సాయంత్రాలలో ఒత్తిడి ఇంకా వచ్చి పోతూనే ఉంది. సహనమంటే నొప్పి లేదని చెప్పటం కాదు. ఉన్న నొప్పికి వైద్యం చేయించుకుంటూ, చేతనైనంత పనిని వదలకపోవటం. కంటికి కనిపించని బాధతో మీ ఇంట, మీ వీధిలో ఎవరైనా ఉంటే వారిని సాక్ష్యం అడగకండి. వారి పక్కన కాసేపు మెల్లగా మాట్లాడుతూ కూర్చోండి. అల్లాహ్ రోగులందరికీ స్వస్థతను ప్రసాదించుగాక! ఆమీన్.