లెక్కలో ఉంది సరే, రాకులో ఉందా?

ఈసారి సెలవులకి గురజాల వెళ్ళినప్పుడు నా పాత లాప్‌టాప్ తమ్ముడికి ఇచ్చేయాలి. వాడు ఈ ఏడే డిప్లొమోలో చేరాడు. ఇంట్లో వైఫై లేదు, నాన్న ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. ఏదైనా తక్కువైతే మళ్ళీ దించుకోవడానికి ఆ రోజు డేటా మొత్తం అయిపోతుంది. డిస్క్ చూస్తే నిండుగా ఉంది. అందుకే ఏది ఉంచాలో, ఏది తీసేయొచ్చో చూద్దామని కూర్చున్నాను.

అందులో ఉన్నది ఉబుంటు. డెబియన్ కుటుంబం కాబట్టి టెర్మినల్‌లో ‘డీపీకేజీ -ఎల్’ అని కొడితే ప్యాకేజీల జాబితా వచ్చేస్తుంది. నా దాంట్లో రెండు వేలకి దగ్గర్లో తేలాయి. నేను పెట్టినవి గట్టిగా ముప్పై ఉండవు! మిగతావన్నీ ఎక్కడివి?

ప్రతి వరుస ముందూ రెండు అక్షరాలుంటాయి. మొదటిది మనం ఏం చేయమన్నామో, రెండోది ఇప్పుడు నిజంగా ఎలా ఉందో చెప్తుంది. ‘ఐఐ’ అంటే పెట్టమన్నాం, ఉంది. ‘ఆర్‌సీ’ అంటే తీసేయమన్నాం, ప్రోగ్రామ్ పోయింది, సెట్టింగుల ఫైళ్ళు మాత్రం మిగిలాయి. ఊరొదిలి వెళ్ళినా రేషన్ కార్డులో పేరున్నట్టన్నమాట. కాబట్టి వరుసలు లెక్కపెట్టి ఇన్ని ఉన్నాయి అనేస్తే కుదరదు.

మా నాన్నది పురుగుమందుల కొట్టు. స్టాకు చూసే రోజు ఆయన ఎప్పుడూ ఒకటే అంటారు: "రిజిస్టరులో ఉన్నది అంకె తల్లీ, సరుకు రాకులో ఉండాలి." డీపీకేజీ -ఎల్ రిజిస్టరు లాంటిది. రాకు చూసేది ‘డీపీకేజీ -వీ’. ఈ ‘వీ’ పెద్దక్షరం. ప్యాకేజీతో వచ్చిన చెక్‌సమ్‌తో ఒక్కో ఫైలునీ పోల్చి, తేడా ఉన్నవే చూపిస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఒక్క ముక్క మాట్లాడదు. పక్కన ‘సీ’ అని ఉంటే అది సెట్టింగుల ఫైలు. అది మనమే మార్చి ఉండొచ్చు, కంగారు అక్కర్లేదు. పిప్‌తో పెట్టిన పైథాన్ లైబ్రరీలు, స్నాప్‌లు అసలీ రిజిస్టరుకే ఎక్కవు. వాటికి ‘పిప్ లిస్ట్’, ‘స్నాప్ లిస్ట్’ అని విడి పద్దులున్నాయి.

ఇక ఎందుకొచ్చాయన్నది. ‘ఆప్ట్-మార్క్ షోమాన్యువల్’ కొడితే మనం అడిగినవీ, మొదట్లో ఇన్‌స్టాలర్ పెట్టినవీ కనిపిస్తాయి. ‘షోఆటో’లో ఉండేవి ఇంకోదాని కోసం వెంట వచ్చినవి. అలా వచ్చి, ఇప్పుడు ఏ ప్యాకేజీకీ అక్కర్లేనివాటిని ‘ఆటోరిమూవ్’ ఊడ్చేస్తుంది. జాగా కావాలంటే అదే సులువు. కానీ అది చూసేది ప్యాకేజీల అవసరం, మనుషుల అవసరం కాదు.

‘ఫాంట్స్-తెలు’ అనే ప్యాకేజీనే తీసుకోండి. దాంట్లో ఒక్క ఫాంటూ లేదు. మిరప కోతలకి కూలీల్ని తోలుకొచ్చే మేస్త్రిలాగా, అది లోహిత్, పోతన2000, వేమన2000 ఫాంట్లను వెంట తెస్తుంది. ఖాళీదే కదా అని మేస్త్రిని పంపించేస్తే, వెంట వచ్చినవి కూడా పనిలేనివాళ్ళ కింద లెక్క. తర్వాత చేసే ఆటోరిమూవ్‌లో అవీ పోతాయి. పోతన, వేమన ఫాంట్లు తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చినవి. మన పత్రిక పేజీలు పోతనలో కూర్చినవాళ్ళకి ఆ అక్షరాల విలువ తెలుసు.

అందుకే ముందు ‘ఆప్ట్-గెట్ -ఎస్ ఆటోరిమూవ్’ కొట్టాను. ఏదీ తీయకుండానే ఏవేవి పోతాయో చెప్తుందది. పాత కెర్నెళ్ళు పోనిచ్చాను. ఫాంట్ల పేర్లు మాత్రం ‘ఆప్ట్-మార్క్ మాన్యువల్’కి ఇచ్చాను. ఇవి వెంట వచ్చినవి కాదు, నేను అడిగినవే అని రిజిస్టరులో రాయించినట్టు.

తమ్ముడు సీ ప్రోగ్రాములు రాస్తాడు, అది ఖాయం. తెలుగులో ఏమైనా రాస్తాడో లేదో తెలీదు. రాయాలనిపించిన రోజు మాత్రం, డేటా అయిపోయిందని ఆగిపోకూడదు.