అల్లూరి ముఖం ఎవరిది?

మాడుగుల దాటగానే ఘాట్‌ రోడ్డు మొదలవుతుంది. మలుపు తిరిగినకొద్దీ గాలి చల్లబడుతుంది. నిటారుగా పెరిగిన సిల్వర్‌ ఓక్‌ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. దారిలో అమ్మవారి పాదాల గుడికి దణ్నం పెట్టుకుని ఇంకాస్త పైకెళితే పాడేరు. వంజంగి కొండ మీద మేఘాలు చూడ్డానికొచ్చే కుర్రకారుతో చలికాలమంతా ఇక్కడ సందడే. తెల్లారేసరికి కొండెక్కడం, మబ్బుల్ని వెనక పెట్టుకుని సెల్ఫీ దిగడం, ఫోన్లోనే ముఖానికి కాస్త రంగూ నునుపూ అద్దడం... ఇదీ వరస.

మన ముఖాల సంగతి సరే. ఈ జిల్లాకు పేరిచ్చిన మనిషి ముఖం ఎలా ఉండేదో చెప్పగలరా?

పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్‌ 4న ఏర్పడింది. ఆ పేరు వినగానే గడ్డం, కాషాయం, చేతిలో విల్లు గుర్తొస్తాయి. కళ్లూ ముక్కూ మాత్రం చాలామందికి హీరో కృష్ణవే! 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ కృష్ణకు నూరో సినిమా, తెలుగులో తొలి సినిమాస్కోప్‌. జి.మాడుగుల మీదుగా వెళితే వచ్చే చింతపల్లి అడవుల్లో షూటింగ్‌ చేశారు. మధ్యలోనే దర్శకుడు వి.రామచంద్రరావు కన్నుమూసినా సినిమా ఆగలేదు. 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ వచ్చాక పిల్లలకు రామ్‌చరణ్‌ గుర్తొస్తున్నాడు. అసలు రాజు చనిపోయాక తీసిన ఫొటో పుస్తకాల్లో ఉంది గానీ, దాన్ని గోడకు తగిలించుకునేదెవరు?

ఇదీ ఓ రకం ముఖమార్పిడే. కానీ దొంగతనం కాదు. వేషం ఎవరిదో తెరమీద పేరు వేసి మరీ చెప్పారు, మనం తెలిసే టికెట్‌ కొన్నాం.

ఇప్పుడు మేకప్‌ మనిషితో పనిలేదు. ఒకరి ఫొటోలు చూసి పోలికలు నేర్చుకున్న కంప్యూటరే ఆ ముఖాన్ని ఇంకొకరి ఒంటిమీద అతికిస్తుంది. చైనాలో ఈ సరదా తొందరగా ముదిరింది. 1994 నాటి హాంకాంగ్‌ సీరియల్‌లో ఎథీనా చూ ముఖం తీసేసి, నేటి తార యాంగ్‌ మీ ముఖం పెట్టిన వీడియో 2019లో ఆ దేశాన్ని చుట్టేసింది. అదే ఏడాది ఆగస్టు చివర్లో ‘జావో’ యాప్‌ వచ్చింది. ఒక్క ఫొటో ఇస్తే క్షణాల్లో మీరే హాలీవుడ్‌ హీరో! ఎగబడిన జనం తర్వాత షరతులు చదువుకుని గుండెలు బాదుకున్నారు. ఇచ్చిన ముఖం మీద తిరుగులేని హక్కు కంపెనీదేనట. గొడవయ్యాక మార్చారనుకోండి. అక్కడ ముఖం చూపించి బిల్లు కట్టే పద్ధతి ఉంది కాబట్టి, ఈ నకిలీ ముఖాలతో తమను మోసగించలేరని అలీపే సంస్థ ప్రకటన ఇచ్చుకోవాల్సొచ్చింది. ఎవరి ముఖమైనా మార్చాలంటే వారి అనుమతి ఉండాలని 2023 జనవరి 10 నుంచి చైనాలో నిబంధన.

ఆ నవంబరులోనే సెగ మనకూ తగిలింది. బ్రిటన్‌లో ఉండే ఓ మహిళ వీడియోకు రష్మిక ముఖం అతికించారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కుర్ర ఇంజినీరును. రష్మిక అభిమానుల పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికే చేశాడని పోలీసులు చెప్పారు. అభిమానమంటే ఇదా!

రష్మిక అయితే ‘అది నేను కాదు’ అనగలిగింది. రేపు ఎవరో అల్లూరి ఫొటోకు ప్రాణం పోసి, ఆయన అనని మాట అనిపిస్తే? కాదనడానికి ఆయన లేడు. పేపరు చదవలేని మన్యం పెద్దలు మనవడి ఫోన్లో అది చూస్తే, రాజుగారే చెప్పారనుకోరూ?

ఆయన పద్ధతే వేరు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్‌స్టేషన్‌ మీద పడి తుపాకులు పట్టుకెళుతూ, ఏమేం తీసుకెళ్లిందీ రికార్డులో రాసి సంతకం పెట్టాడు. తలకు పదివేల రూపాయలు వెలకట్టినా దాచని పేరు అది.

చింతపల్లి చూశాక లంబసింగి ఘాట్‌ దిగి కృష్ణదేవిపేట వెళ్లండి. ఆయన సమాధి అక్కడుంది. జిల్లాకు ఆయన పేరు పెట్టారు గానీ సమాధి అనకాపల్లి జిల్లాలోకి పోయింది. గంటందొర సమాధి కూడా అక్కడే. ఆయన తమ్ముడు మల్లుదొర జైలు నుంచి బతికొచ్చి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ అన్నదమ్ముల ముఖాలు ఎలా ఉండేవో మనలో ఎందరికి తెలుసు?