ఆ ఒక్క నిమిషం

డోంగ్లి నుంచి మద్నూరు, దెగ్లూర్‌లకు కిరాయికి తిరిగే మా డీజిల్ బండి నీలిపొగ కక్కసాగింది. బండి ఆగితే పూట గడవదు.

ఇంజను వదిలే పొగ ఊపుతోనే తిరిగి, దానికే అదనపు గాలి ఊదేది టర్బో. స్విస్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి 1905లో పేటెంటు పొందిన ఆలోచన ఇది.

మెకానిక్ తమ్ముడు విప్పేముందే డొప్పలమీద, ఇరుసుమీద, నట్టుమీద గీతలు పెట్టాడు. "గీతలు కలవకుంటే తూకం తప్పుతది అన్నా!" నిమిషానికి లక్షకుపైగా చుట్లు తిరిగే ఇరుసాయె! నట్టు మామూలుకు ఎదురు తిప్పితేనే ఊడింది. లోపల బేరింగులు అరిగాయి. ఇరుసును తేల్చి ఉంచేది పల్చటి ఆయిల్ పొరే. ఆయిల్ పైపులో మసి గడ్డకట్టింది.

బేరింగులు, సీళ్లు మార్చి పైపును వదిలేస్తే, కొత్తవీ అంతే. ఆయిల్ వేళకు మార్చండి. దూరం నుంచి వచ్చాక నిమిషంపాటు ఇంజను నెమ్మదిగా తిరగనిచ్చి ఆపండి. టర్బోకు ఆయుష్షు అదే!